42వ ర్యాంకు

మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్లు నిండుతున్నాయి, స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు ఫోన్ చేసినప్పుడు, బడి వెనక చింతచెట్టు గురించో, మధ్యాహ్నం పెట్టిన ఉప్మా గురించో రాద్దామనుకున్నాను. ఆ రెండింటి మీదా నా తోటివాళ్లు అప్పటికే రాసేశారట. అందుకని మన బడి గ్రంథాలయం నుంచి నా చేతికి వచ్చి, ఇప్పటిదాకా తిరిగి ఇవ్వని ఒక పుస్తకం గురించి, అందులోని మనిషి గురించి రాస్తున్నాను. ఆ మనిషి నెపోలియన్ బోనపార్ట్. యుద్ధాల నెపోలియన్ మనందరికీ సాంఘిక శాస్త్రం పాఠంలో తెలిసినవాడే. నేను చెప్పబోయేది సైన్యంలో చేరడానికి పదహారేళ్ల వయసులో లెక్కల పరీక్షకు నిలబడ్డ కుర్రవాడి కథ.

ముందు ఆ పుస్తకం నా దగ్గరకు ఎలా వచ్చిందో చెప్పాలి. నాది 1979 పదో తరగతి బ్యాచ్. ఇంటర్ చదువుతూ ఎన్‌డీఏ ప్రవేశ పరీక్ష రాశాను. రాత పరీక్ష గట్టెక్కింది. సెలెక్షన్ బోర్డు నుంచి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. ఊళ్లో అప్పటికి అలాంటి కాగితం అందుకున్నవాళ్లు లేరు. బస్టాండు దాకా పదిహేను మంది వచ్చి సాగనంపారు. మా అమ్మ జంతికల డబ్బా ఇచ్చింది.

అక్కడ ఛాతీకి నంబరు కట్టారు. తెర మీద ఒక బొమ్మ చూపించి, నాలుగు నిమిషాల్లో దాని మీద కథ రాయమన్నారు. తరవాత ఒక్కో మాటా పదిహేను సెకన్లు కనబడుతుంది, ఆలోగా తట్టిన వాక్యం రాసేయాలి. నేను ఒక గైడు కొనుక్కుని అందులోని కథలు బట్టీ పట్టి వెళ్లాను. దాంతో నేను రాసిన ప్రతి కథలోనూ ఒక వీరుడు వరదలోంచి పిల్లవాణ్ని కాపాడాడు. బొమ్మలో వరద లేకపోయినా కాపాడాడు. ఆఖరి రోజు ఎంపికైన నంబర్లు చదివారు. నాది లేదు. రైలు ఛార్జీలు చేతిలో పెట్టి పంపేశారు.

ఇంటికొచ్చి వారం రోజులు గడప దాటలేదు. మళ్లీ బస్టాండు వైపు వెళ్తే ఆ పదిహేను మందికీ ఏం చెప్పాలి? ఎనిమిదో రోజు సాయంత్రం మన లెక్కల మాస్టారు సైకిల్ మీద వచ్చారు. ఏమైందని అడగలేదు. మా నాన్నగారితో వర్షాల గురించి మాట్లాడి, టీ తాగి, సంచిలోంచి అట్ట ఊడిన ఒక ఇంగ్లీషు పుస్తకం తీసి నా ఒళ్లో పెట్టారు. మొత్తం చదవక్కర్లేదు, మొదటి మూడు అధ్యాయాలు చదివి బడికి వచ్చి కనబడమన్నారు. అందులో ఒకచోట ఆయన పెన్సిల్‌తో 42 అనే అంకె చుట్టూ సున్నా చుట్టారు.

నెపోలియన్ పుట్టింది 1769 ఆగస్టు 15న, కోర్సికా దీవిలోని అజాక్సియో అనే ఊళ్లో. అంతకుముందు ఏడాదే ఆ దీవి జెనోవా చేతిలోంచి ఫ్రాన్సు చేతికి వచ్చింది. దీవి జనం ఫ్రెంచి సైన్యంతో పోరాడి ఓడిపోయారు. నెపోలియన్ తండ్రి కార్లో కూడా మొదట ఆ పోరాటంలో ఉన్నవాడే. ఓటమి తరవాత కొత్త ప్రభుత్వంతో రాజీపడి వకీలుగా బతికాడు. ఇంట్లో మాట్లాడేది ఇటాలియన్‌కు దగ్గరి భాష. పేరుకు గొప్ప వంశమే కానీ చేతిలో డబ్బు లేదు. ఫ్రాన్సు రాజు అలాంటి కుటుంబాల పిల్లలకు సైనిక పాఠశాలల్లో ఉచిత చదువు ఇచ్చేవాడు. దానికి తండ్రి రెండు కాగితాలు పుట్టించాలి. ఒకటి నాలుగు తరాలుగా తాము ప్రభువుల వంశమేనని, రెండోది తాము బీదవాళ్లమని. మన దగ్గర కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లకు కార్లో పడిన అవస్థ అర్థమవుతుంది. ఆయన ఆ రెండూ సాధించాడు.

1779 జనవరిలో, తొమ్మిదేళ్ల వయసులో, పిల్లవాణ్ని ముందు ఓతన్ అనే ఊరి బడిలో వేశారు. కొన్ని నెలలు ఫ్రెంచి నేర్చుకున్నాక మే నెలలో బ్రియెన్ సైనిక పాఠశాలలో చేరాడు. అది సన్యాసులు నడిపే బడి. అక్కడి పిల్లలు అతని యాసను వెక్కిరించారు. తన పేరును అతను పలికే తీరు వాళ్లకు ముక్కులో గడ్డిపోచ అన్నట్టు వినపడేదట, అదే అతని మారుపేరు అయింది. పల్లెటూరి నుంచి వచ్చి పట్నం హాస్టల్లో చేరినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. అతను మళ్లీ సొంత ఊరు చూసింది 1786లో. అంటే తొమ్మిదేళ్లకు ఇల్లు వదిలినవాడు పదిహేడేళ్లకు ఇంటి గుమ్మం తొక్కాడు.

బ్రియెన్‌లో లాటిన్ అతనికి ఎక్కలేదు. ఫ్రెంచిలో అక్షర దోషాలు, చేతిరాత గజిబిజి, ఆ రెండూ జీవితమంతా పోలేదు. చరిత్ర, భూగోళం ఇష్టంగా చదివేవాడు. లెక్కల్లో మాత్రం ముందుండేవాడు. తనిఖీకి వచ్చిన అధికారి ఒకరు ఇతను నౌకాదళానికి పనికొస్తాడని అభిప్రాయపడ్డాడు. అది కుదరలేదు. 1784 అక్టోబరులో మరో నలుగురితో కలిపి అతన్ని పారిస్‌లోని ఎకోల్ మిలిటేర్ అనే పెద్ద సైనిక పాఠశాలకు పంపారు. ఈఫిల్ టవర్ ఫొటోల్లో ముందు పొడవాటి మైదానం కనబడుతుంది కదా, దానికి రెండో చివర ఉన్న భవనమే అది. అప్పటికి టవర్ లేదు. మైదానం ఈ కుర్రవాళ్ల కవాతు కోసం ఉండేది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఆ రోజుల్లో కాలిబలంలోనో అశ్వదళంలోనో అధికారి కావాలంటే వంశం, డబ్బు, రాజుగారి కొలువులో తెలిసినవాళ్లు ఉంటే సరిపోయేది. ఫిరంగి దళం, ఇంజనీరింగ్ దళం అలా కాదు. గుండు ఎంత దూరం పోవాలి, గొట్టం ఎంత ఎత్తాలి, మందు ఎంత దట్టించాలి, కోటగోడకు ఏ కోణం నుంచి కొడితే పడుతుంది, ఇవన్నీ లెక్కలు. తాతగారి బిరుదు చూసి గుండు దూరం పోదు. అందుకని ఆ దళాలకు ప్రవేశ పరీక్ష తప్పనిసరి. సిఫార్సు లేని బీద కుర్రవాడికి ఉన్న దారి అదే. నెపోలియన్ ఫిరంగి దళాన్ని ఎంచుకున్నాడు.

ఆ పరీక్షకు పాఠ్యపుస్తకం బెజూ అనే గణిత శాస్త్రవేత్త ఫిరంగి దళం కోసమే రాసిన నాలుగు సంపుటాలు. అంకగణితం, రేఖాగణితం, త్రికోణమితి, బీజగణితం, వాటి మీద యంత్రశాస్త్రం. పద్ధతి ప్రకారం ముందు ఒక పరీక్ష పాసై విద్యార్థిగా దళంలో చేరాలి. కొంతకాలం ఫిరంగి దళపు బడిలో చదివి, రెండో పరీక్ష పాసైతే అప్పుడు అధికారి హోదా. ఎక్కువమంది ఇలా రెండు మెట్లుగా ఎక్కేవాళ్లు. బాగా సిద్ధమైనవాడు రెండింటినీ ఒకేసారి ఇవ్వొచ్చు.

నెపోలియన్‌కు తొందర ఎందుకు వచ్చిందంటే, 1785 ఫిబ్రవరి 24న తండ్రి పోయాడు. కడుపు జబ్బుతో వైద్యం కోసం దక్షిణ ఫ్రాన్సులోని మోంపెలియేకు వెళ్లి, అక్కడే కన్నుమూశాడు. వయసు నలభై కూడా నిండలేదు. వెనక ఎనిమిది మంది పిల్లలు. పెద్దవాడు జోసెఫ్‌కు పదిహేడేళ్లు, ఆఖరివాడు జెరోమ్‌కు మూడు నెలలు. నెపోలియన్‌కు పదిహేనున్నర. పారిస్ నుంచి తల్లికి ధైర్యం చెబుతూ ఉత్తరం రాశాడు. ఇంటికి వెళ్లే వీలు లేదు. ఇంట్లో సంపాదించేవాళ్లు లేరు. తను అధికారి అయితే జీతం వస్తుంది. రెండు మెట్లు ఎక్కే ఓపిక ఆ ఇంటికి లేదు.

కాబట్టి రెండు పరీక్షలూ ఒకేసారి ఇవ్వడానికి సిద్ధపడ్డాడు. ఏడాది లోపల నాలుగు సంపుటాలూ పూర్తి చేయాలి. లెక్కలు చెప్పింది లూయీ మోంజ్, ప్రసిద్ధ గణిత శాస్త్రవేత్త గాస్పార్ మోంజ్‌కు తమ్ముడు. ఆ తరగతిలోనే ఫెలిపో అనే కుర్రవాడు ఉండేవాడు. అతనికీ నెపోలియన్‌కూ పడేది కాదు. చదువుకునే గదిలో బల్ల కింద ఒకరినొకరు తన్నుకునేవాళ్లని, మధ్యలో కూర్చున్న పికో అనే మిత్రుడి కాళ్లు కమిలిపోయేవని చెప్పుకుంటారు. మన పదో తరగతి బీ సెక్షన్ మూడో బెంచీ వాళ్లకు ఇది చదివి ఎవరెవరో గుర్తొస్తే నా పూచీ లేదు.

జర్మన్ చెప్పే మాస్టారి దృష్టిలో నెపోలియన్ ఉత్త మొద్దు. పరీక్ష రోజు తరగతిలో అతను కనబడకపోతే ఎక్కడని అడిగాడట. ఫిరంగి దళం పరీక్షకు వెళ్లాడని పిల్లలు చెబితే, వీడికి ఏమైనా వచ్చా అని ఆశ్చర్యపోయాడట. ఈ ముచ్చట నెపోలియనే చివరి రోజుల్లో నవ్వుకుంటూ చెప్పుకున్నాడు. నేను ఉపాధ్యాయుణ్ని అయ్యాక ఈ ముచ్చటకు నవ్వడం తగ్గించాను. ఆ జర్మన్ మాస్టారి స్థానంలో నేనూ ఎన్నిసార్లు ఉన్నానో నాకు తెలుసు.

పరీక్ష 1785 సెప్టెంబరులో. పరీక్షాధికారి పియేర్ సిమోన్ లాప్లాస్. ఆయన పేరు మన ఇంజనీరింగ్ పిల్లలకు లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ రూపంలో నిద్రలో కూడా వినపడుతుంది. గ్రహాల కదలికల మీద పని చేసిన మహా గణిత శాస్త్రవేత్త. బెజూ 1783లో పోయాక ఫిరంగి దళం పరీక్షలు ఆయనకు అప్పగించారు. అప్పటికి ఆయనకు ముప్ఫై ఆరేళ్లు. ఆయన ముందు నిలబడి, అడిగిన సిద్ధాంతం నిరూపించి, అడిగిన లెక్క చేసి చూపించాలి. బట్టీ పట్టినవాడు రెండో ప్రశ్న దగ్గరే దొరికిపోతాడు. ఈ వాక్యం రాస్తుంటే నా వరద కథ నాకు మళ్లీ గుర్తొచ్చింది.

ఫలితాలు వచ్చాయి. ఆ ఏడు ఫ్రాన్సు మొత్తం మీద 58 మందికి ఫిరంగి దళంలో సెకండ్ లెఫ్టినెంట్ హోదా దక్కింది. ఆ పట్టికలో నెపోలియన్‌ది 42వ స్థానం. పారిస్ పాఠశాల నుంచి ఎంపికైనవాళ్లు నలుగురే. పికో 39, ఫెలిపో 41, నెపోలియన్ 42, అతని ప్రాణమిత్రుడు దె మాజీ 56. కోర్సికా నుంచి వచ్చి ఆ పాఠశాలలో చదివి అధికారి అయిన మొదటివాడు నెపోలియనే.

మాస్టారు పెన్సిల్‌తో చుట్టింది ఈ 42నే. పుస్తకం పట్టుకుని బడికి వెళ్తే ఆయన స్టాఫ్ రూమ్ వరండాలో నిలబెట్టి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. పై 41 మందిలో ఎంతమంది పేర్లు నాకు తెలుసని. ఒక్కటీ తెలియదన్నాను. సరే వెళ్లమన్నారు. ఆ రోజుకు అది నాకు చాలు. మర్నాడు బస్టాండు మీదుగా కాలేజీకి వెళ్లాను. తరవాత బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివి జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్‌ని అయ్యాను.

కానీ మాస్టారి ప్రశ్నకు జవాబు అంత సులువు కాదని తరవాత ఏళ్లలో తెలిసింది. పై 41 మందిలో ఒకడి పేరు చరిత్రలో ఉంది, అదీ నెపోలియన్‌ను ఓడించినవాడిగా ఉంది. అతను ఆ 41వ వాడే, బల్ల కింద తన్నుకున్న ఫెలిపో. ఫ్రెంచి విప్లవం వచ్చాక అతను రాజు పక్షాన నిలిచి దేశం వదిలాడు. పారిస్ జైల్లో ఉన్న ఇంగ్లీషు నౌకాధికారి సిడ్నీ స్మిత్‌ను 1798లో తప్పించిన వాళ్లలో అతనొకడు. మరుసటి ఏడు నెపోలియన్ ఈజిప్టు నుంచి పైకి వచ్చి, ఇప్పటి ఇజ్రాయెల్ తీరంలో ఉన్న ఏకర్ కోటను ముట్టడించాడు. కోట లోపల ఫిరంగులు ఎక్కడ పెట్టాలో, గోడలు ఎలా బలపరచాలో చూసింది ఫెలిపో. నెపోలియన్ కోసం సముద్రం మీద వస్తున్న పెద్ద ఫిరంగులు ఇంగ్లీషువాళ్లకు చిక్కితే, వాటినే గోడల మీదికి ఎక్కించారు. ఇద్దరూ చదివింది ఆ బెజూ పుస్తకాలే. రెండు నెలలు కొట్టినా కోట పడలేదు. 1799 మే నెలలో నెపోలియన్ వెనుదిరిగాడు. ఫెలిపో ఆ విజయం చూడలేదు. ముట్టడి ముగియకముందే జబ్బు చేసి అక్కడే చనిపోయాడు. 39వ ర్యాంకు పికో ఆస్ట్రియా సైన్యంలో చేరి సేనాని అయ్యాడు. 56వ వాడు దె మాజీ కూడా దేశం వదిలి, తిరిగొచ్చాక నెపోలియన్ కొలువులోనే ఉద్యోగం చేశాడు. ఒకే గదిలో చదివిన నలుగురు ఇలా చెదిరిపోయారు.

మళ్లీ 1785కి వస్తే, పరీక్ష పాసైన కుర్రవాడు వాలెన్స్ ఊళ్లో ఉన్న లా ఫేర్ రెజిమెంటులో చేరాడు. చేరగానే అధికారం చేతికి రాలేదు. ఆ దళం నియమం ప్రకారం కొత్త లెఫ్టినెంట్ మూడు నెలల పాటు మామూలు ఫిరంగి జవానుగా, తరవాత కార్పొరల్‌గా, సార్జెంట్‌గా పని చేయాలి. తను ఎవరికి ఆజ్ఞలు ఇవ్వబోతున్నాడో వాళ్ల పని ముందు తన చేతులతో చేయాలి. 1793లో తూలోన్ రేవు ముట్టడిలో ఏ కొండ మీద ఫిరంగులు పెడితే ఇంగ్లీషు ఓడలు రేవు వదిలిపోతాయో చెప్పి గెలిపించి, ఇరవై నాలుగేళ్లకే బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు. దాని వెనక బెజూ ఉన్నాడు, ఈ మూడు నెలలూ ఉన్నాయి.

పరీక్షాధికారి సంగతి కూడా చెప్పాలి. 1797లో నెపోలియన్‌ను ఫ్రాన్సు జాతీయ విజ్ఞాన సంస్థకు సభ్యునిగా ఎన్నుకున్నారు. అక్కడ లాప్లాస్ అతనికి తోటి సభ్యుడు. రెండేళ్లకు అధికారం చేజిక్కించుకున్న నెపోలియన్ తన పాత పరీక్షాధికారిని హోంమంత్రిని చేశాడు. ఆరు వారాలకే తీసేశాడు. గ్రహాల లెక్క తప్పని ఆయనకు ఫైళ్ల లెక్క కుదరలేదు. 1814లో నెపోలియన్‌ను గద్దె దించాలని సెనేట్ తీర్మానించినప్పుడు లాప్లాస్ అందుకు అనుకూలంగానే ఓటు వేశాడు.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే పిల్లలకు చెప్పే స్ఫూర్తి కథ అయిపోతుంది. ముప్ఫై ఏళ్లకు పైగా తరగతి గదిలో అలాగే చెప్పాను కూడా. రక్షణ దళాల పరీక్షలకు వెళ్లే పిల్లలను సాయంత్రాలు కూర్చోబెట్టి లెక్కలు చేయించేటప్పుడు ఈ 42 కథ తప్పకుండా వచ్చేది. ఒకసారి ఒక అమ్మాయి లేచి, అంత లెక్క తెలిసినవాడు రష్యాకు అంతమందిని ఎందుకు తీసుకెళ్లాడు సార్ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ అమ్మాయి అడిగింది నిజం. 1812లో దాదాపు ఆరు లక్షల మందితో రష్యా మీదికి వెళ్లాడు. చలికి, ఆకలికి, జబ్బులకు, యుద్ధానికి పోగా తిరిగొచ్చింది కొన్ని పదుల వేల మందే. 1802లో ఫ్రెంచి వలసల్లో బానిసత్వాన్ని మళ్లీ తెచ్చింది అతనే. స్కాలర్‌షిప్పు మీద చదువుకున్న ఆ కుర్రవాడే చక్రవర్తి అయ్యాక, పారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్‌లో 1805 నుంచి విద్యార్థుల దగ్గర ఫీజు వసూలు చేయించాడు. 1815లో వాటర్లూలో ఓడిపోయి, 1821 మే 5న సెయింట్ హెలీనా అనే దీవిలో, బందీగా, యాభై ఒకటో ఏట చనిపోయాడు. లాప్లాస్ ఆ రోజు అడిగినవాటికి కుర్రవాడు సరైన జవాబులే చెప్పాడు. అతని చేతికి ఫిరంగి ఇస్తే ఏం చేస్తాడన్నది ఆ పరీక్షలో లేని ప్రశ్న. ఇప్పటి పరీక్షల్లో బొమ్మలూ, మాటలూ చూపించి కథ రాయించేది అలాంటి ప్రశ్నకు ఏదో ఒక జవాబు వెతకడానికేనని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. దానికి నేను బట్టీ పట్టిన జవాబు ఇచ్చి వచ్చాను. వాళ్లు నన్ను తీసుకోకపోవడం సరైన పనే.

అందుకే రిటైరయ్యే ముందు కొన్నేళ్లు ఈ కథను రెండు భాగాలుగా చెప్పాను. ఇంట్లో ఎంత కష్టమున్నా పుస్తకం మొత్తం చేసి వెళ్లమనీ, గైడు కథలు వద్దనీ, 42 వచ్చినా దిగులు పడొద్దనీ ఒక భాగం. ఒకటో ర్యాంకు వచ్చినా మన గురించి అంతా తేలిపోయినట్టు కాదన్నది రెండో భాగం. ఇక్కడ పాఠాలు చెబుతున్న నా తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ రెండో భాగాన్ని నాకంటే ముందే మొదలుపెడితే బాగుంటుందని నా కోరిక.

మన హెడ్మాస్టర్ గదిలో పదో తరగతి ఫస్టు వచ్చినవాళ్ల పేర్ల బోర్డు ఇప్పటికీ ఉంది. అందులో నా పేరు లేదు. మనలో ఎక్కువమంది పేర్లు లేవు. మాస్టారు ఆ బోర్డు దగ్గర ఆగగా నేనెప్పుడూ చూడలేదు. ఆయన ఇప్పుడు లేరు. పుస్తకం ఆయన పేరు మీదే రిజిస్టర్‌లో రాసి ఉందని, ఆయన రిటైరైనప్పుడు దాని ఖరీదు జేబులోంచి కట్టేశారని ఈ మధ్యే తెలిసింది. నాతో ఒక్కమాట అనలేదు.

ఉత్సవం రోజున ఆ పుస్తకానికి కొత్త అట్ట వేయించి గ్రంథాలయానికి తిరిగి ఇస్తున్నాను. పెన్సిల్ గుర్తు చెరపలేదు. ఇన్నేళ్ల జరిమానా లెక్క కట్టి, ఆ డబ్బుతో లెక్కల పుస్తకాలు కొని అదే బీరువాలో పెడుతున్నాను. తీసుకెళ్లినవాళ్లు నాలా ఆలస్యం చేసినా ఫరవాలేదు, చదివితే చాలు.